ఎక్మో మీద ఉన్న బిడ్డకు రక్తం గడ్డకట్టే తీరును కనిపెట్టుకుని ఉండటం ఎలా

గుండె గానీ ఊపిరితిత్తులు గానీ కొన్నాళ్లు పని చేయలేని స్థితిలో ఉన్న పిల్లలకు ఆ పని చేసే ఎక్మో మెషీన్ పెడతారు. రక్తం ఒక క్యాన్యులా (రక్తనాళంలో పెట్టే లావుపాటి గొట్టం) నుంచి బయటికి వచ్చి, పంప్, ఆక్సిజనేటర్ (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగం) దాటి మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది. ప్లాస్టిక్ తగిలిన రక్తం ఊరుకోదు, గడ్డకట్టాలని చూస్తుంది. అందుకే రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు హెపారిన్ నడుపుతాం. అది చాలకపోతే సర్క్యూట్‌లో (ఆ గొట్టాల దారిలో) గడ్డ, ఎక్కువైతే బిడ్డ తలలో బ్లీడింగ్. మూడు కిలోల పసికందుకు ఈ రెండింటి మధ్య ఉన్న దారి చాలా సన్నం.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు పిల్లల ఐసీయూల్లో పనిచేసే సిస్టర్లకు, డ్యూటీ డాక్టర్లకు ఈ పని రెండు రకాలుగా ఎదురవుతుంది. ఒకటి, ఇక్కడ నర్సింగ్ చదివి హైదరాబాద్‌లో పిల్లల కార్డియాక్ యూనిట్‌లో చేరినప్పుడు. రెండోది, అక్కడి టీమ్ ఇక్కడికే వచ్చి బిడ్డకు ఎక్మో మొదలుపెట్టి, అంబులెన్స్ సిద్ధమయ్యేదాకా కొన్ని గంటలు మీ బెడ్ మీదే ఉంచినప్పుడు. రెండు చోట్లా చూడాల్సినవి అవే.

ఇక్కడ రాసిన నంబర్లు చాలా యూనిట్లు వాడేవి. మీ యూనిట్ ప్రోటోకాల్ షీట్‌లో వేరేగా ఉంటే షీట్‌నే పట్టుకోండి.

నేను కొత్తవాళ్లకు మొదట చెప్పేది ఇది: ఏ ఒక్క నంబర్‌ను చూసీ హెపారిన్ మార్చొద్దు. బిడ్డను చూడండి, సర్క్యూట్‌ను చూడండి, రిపోర్ట్ చూడండి. మూడూ ఒకే మాట చెబుతుంటే మార్చడానికి డాక్టర్‌ను అడగండి. ఒకటి అడ్డం తిరిగితే ముందు శాంపిల్‌ను అనుమానించండి.

డ్యూటీ తీసుకునేటప్పుడు

హ్యాండోవర్ నర్సింగ్ స్టేషన్‌లో కుర్చీలో కూర్చుని తీసుకోవద్దు, బెడ్ పక్కన నిలబడి తీసుకోండి. ఎక్మో ఎన్నో రోజు, వీఏనా (సిర నుంచి తీసి ధమనిలోకి ఇచ్చేదా) వీవీనా (సిర నుంచి తీసి సిరలోకే ఇచ్చేదా), సర్జరీ అయిందా, ఛాతీ ఇంకా తెరిచే ఉందా, చివరిసారి తల స్కాన్ ఎప్పుడు చేశారు, రాత్రి ఏ బ్లడ్ ప్రొడక్ట్ ఎక్కించారు అని అడగండి. చివరి ఏసీటీ (రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే పరీక్ష) ఒక్కటే చాలదు, చివరి మూడూ కావాలి. 190, 200, 210 అని పెరుగుతూ వస్తున్న 210కీ, 250 నుంచి పడుతూ వచ్చిన 210కీ చేయాల్సిన పని వేరు.

హెపారిన్ రేట్‌ను ఎంఎల్‌లో చెబితే ఒప్పుకోకండి. కిలోకు గంటకు ఎన్ని యూనిట్లు అని చెప్పమనండి. తర్వాత సిరంజ్ మీద లేబుల్ చదివి మీరే లెక్క వేసుకోండి. మన దగ్గర హెపారిన్ వయల్స్ ఎంఎల్‌కు 1000 యూనిట్లవీ వస్తాయి, 5000 యూనిట్లవీ వస్తాయి. రెండూ 5 ఎంఎల్ వయల్సే. హడావుడిలో ఒకదాని బదులు ఇంకొకటి తీస్తే డోసు ఐదు రెట్లు అటో ఇటో అవుతుంది. కాబట్టి సిరంజ్ కలిపేటప్పుడు ఇద్దరు ఉండాలి, వయల్‌ను పైకి చదివి వినిపించాలి.

లెక్క ఎలాగంటే: బిడ్డ బరువు 3 కిలోలు, ఆర్డర్ కిలోకు గంటకు 20 యూనిట్లు. అంటే గంటకు 60 యూనిట్లు. 50 ఎంఎల్ సిరంజ్‌లో 5000 యూనిట్లు కలిపి ఉంటే ఎంఎల్‌కు 100 యూనిట్లు. సిరంజ్ పంప్ మీద గంటకు 0.6 ఎంఎల్ కనిపించాలి. 6.0 అని ఉంటే ఆ చుక్క ఎక్కడ పెట్టాలో మర్చిపోయిన చెయ్యి ఏదో అడిగే ముందు సిరంజ్ పంప్ ఆపండి, డాక్టర్‌ను పిలవండి.

ఇంత తక్కువ రేట్‌తో ఇంకో తిరకాసు ఉంది. కొత్త సిరంజ్ పెట్టి స్టార్ట్ నొక్కగానే మందు బిడ్డకు చేరదు. సిరంజ్‌కూ పంప్‌కూ మధ్య ఉన్న వదులు బిగిసేదాకా పంప్ స్క్రీన్ 0.6 అని చూపిస్తూనే ఉంటుంది, చివరన మాత్రం చుక్క రాదు. గంటకో గంటన్నరకో ఏసీటీ పడిపోతుంది. ఎవరో రేట్ పెంచుతారు, అప్పటికి అసలు మందు అందుకుంటుంది, ఏసీటీ దాటిపోతుంది. దీనికి ఉపాయం ఉంది: కొత్త సిరంజ్‌ను పంప్‌లో పెట్టి, బిడ్డకు కలపకముందే పంప్‌తోనే పర్జ్ చేసి (లైన్ మొత్తం మందుతో నింపి), లైన్ చివర చుక్క కనిపించాకే కలపండి. సిరంజ్ మార్చిన టైమ్‌ను చార్ట్‌లో రాయండి. ఏసీటీ వింతగా వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఆ టైమే.

శాంపిల్ తీయడం

ఒక రాత్రి వచ్చే తప్పుడు రిపోర్టుల్లో చాలావాటికి కారణం మెషీన్ కాదు, శాంపిల్. హెపారిన్ పోతున్న లైన్ నుంచి గానీ, హెపారిన్ ఫ్లష్ వాడే లైన్ నుంచి గానీ గడ్డకట్టే పరీక్షలకు రక్తం తీయకూడదు. వేరే దారి లేక, హెపారిన్ ఫ్లష్ నడుస్తున్న ఆర్ట్ లైన్ (ధమనిలో ఉన్న లైన్) నుంచే తీయాల్సి వస్తే, లైన్‌లోని హెపారిన్ పోయేలా ముందు తీసే రక్తం సరిపడా ఉండాలి. ఎక్కడి నుంచి తీశారో ప్రతిసారీ రాయండి, వీలైనంతవరకు ఒకే చోటి నుంచి తీయండి. బిడ్డ వైపు నుంచి తీసినదాన్ని, సర్క్యూట్ నుంచి తీసినదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల గందరగోళమే మిగులుతుంది.

నీలం మూత ట్యూబ్‌ను గీత దాకా నింపాలి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. అందులో ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం పడాలి. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై, ఏపీటీటీ (గడ్డకట్టే టైమ్ కొలిచే ల్యాబ్ పరీక్ష) ఉన్నదానికంటే పొడవుగా వస్తుంది. పిల్లలకు చిన్న ట్యూబ్‌లు వస్తాయి, స్టోర్‌లో లేవంటే ఇండెంట్ పెట్టించండి. పెద్ద ట్యూబ్‌ను సగం నింపి సర్దుకోవద్దు. నింపాక మెల్లగా మూడు నాలుగు సార్లు తలకిందులు చేయండి, ఊపొద్దు. మన మే నెల ఎండలో వార్డ్ బాయ్ జేబులో వేసుకుని తిరిగే ట్యూబ్ ల్యాబ్‌కు చేరేసరికి ఏమవుతుందో మీకే తెలుసు. ట్యూబ్ చేతికిచ్చాక ల్యాబ్‌కు ఫోన్ చేసి, “తమ్మీ, ఎక్మో శాంపిల్ వస్తోంది, రాగానే పెట్టు, గడ్డ కనిపిస్తే రిపోర్ట్ ఇయ్యకు, నాకు ఫోన్ చెయ్యి” అని చెప్పడం నేర్చుకోండి.

ఎంత రక్తం తీస్తున్నామో కూడా లెక్క ఉండాలి. నవజాత శిశువు ఒంట్లో కిలోకు 80 ఎంఎల్ పైచిలుకు రక్తం ఉంటుంది, అంటే 3 కిలోల బిడ్డకు సుమారు 250 ఎంఎల్. గంటకోసారి అర ఎంఎల్ ఏసీటీకి, ముందు తీసిన ఒక ఎంఎల్ పారబోతకు పోతే రోజుకు 36 ఎంఎల్. ఏడో వంతు రక్తం! అందుకే ముందు తీసిన రక్తాన్ని శుభ్రంగా, మూసి ఉన్న సెట్ నుంచి తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. పరీక్షలన్నీ ఒకేసారి తీసేలా టైమ్ కలపండి. ఏసీటీ మెషీన్‌లలో ఒక చుక్కతో సరిపోయేవి ఉన్నాయి, 2 ఎంఎల్ ట్యూబ్ అడిగే పాత రకాలూ ఉన్నాయి. కొనే ముందు ఎవరైనా మిమ్మల్ని అడిగితే చుక్క రకమే కావాలని పట్టుబట్టండి.

ములుగు వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మ నన్ను నిలదీసినట్టే ఎవరో ఒకరు మిమ్మల్నీ అడుగుతారు: “గంట గంటకు నెత్తురు తీస్తున్రు, పిల్లగాని ఒంట్ల ఏం మిగులుతది సిస్టర్?” విసుక్కోకండి. అది సరైన ప్రశ్న. “అమ్మా, ఒక చుక్క తీసి మిగతాది మళ్లీ లోపలికే ఇస్తున్నం, ఎంత తీసినమో ఈ కాగితం మీద రాస్తున్నం” అని చార్ట్ చూపించండి. అలా చూపించగలిగేటట్టు ఆ లెక్క నిజంగా రాసి ఉండాలి.

ఏసీటీ

ఏసీటీ అంటే తాజా రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో బెడ్ పక్కనే చెప్పే పరీక్ష. 1966లో హ్యాటర్స్‌లీ అనే అమెరికన్ డాక్టర్ దీన్ని రాశాడు. అరవై ఏళ్లు కావస్తున్నా రాత్రి రెండు గంటలకు చేతికందేది ఇదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సుమారు 100 నుంచి 130 సెకన్లు ఉంటుంది. ఎక్మో మీద 180 నుంచి 220 మధ్య ఉంచుతారు.

క్యాన్యులా పెట్టే ముందు కిలోకు 50 నుంచి 100 యూనిట్ల హెపారిన్ బోలస్ (ఒకేసారి ఇచ్చే డోసు) ఇస్తారు. దాంతో ఏసీటీ బాగా పైకి పోతుంది. అది 300 లోపుకు దిగేదాకా డ్రిప్ మొదలుపెట్టరు. మొదలుపెట్టాక నిలకడ వచ్చేవరకు అరగంటకో గంటకో చూడాలి. తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం రెండు మూడు గంటలకు ఒకసారి చాలు. బోలస్ ఇచ్చిన టైమ్, 300 లోపుకు దిగిన టైమ్, డ్రిప్ మొదలైన టైమ్ మూడూ రాయండి. సర్జరీ నుంచి నేరుగా ఎక్మో మీద వచ్చిన బిడ్డకైతే బ్లీడింగ్ తగ్గేదాకా డ్రిప్ అసలే మొదలుపెట్టకపోవచ్చు, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు.

పరీక్ష చేసే పద్ధతిలో పెద్ద విద్య లేదు గానీ నిర్లక్ష్యం పనికిరాదు. కార్ట్రిడ్జ్‌లు ఫ్రిజ్‌లో పెట్టే రకమైతే బయట పెట్టి గది వేడికి వచ్చాకే వాడండి. రక్తం తీసిన చేత్తోనే మెషీన్‌లో వేయండి. సిరంజ్ పక్కన పెట్టి ఫోన్ ఎత్తితే ఆ శాంపిల్ పారేయండి. డ్యూటీలో క్వాలిటీ కంట్రోల్ ఒకసారి నడపండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక బిడ్డకు ఒకే మెషీన్. రెండు కంపెనీల మెషీన్లు ఒకే రక్తానికి ఒకే సెకన్లు చూపించవు. ఉన్న మెషీన్ పాడై పక్క వార్డుది తెచ్చుకుంటే చార్ట్‌లో అడ్డంగా గీత గీసి, “ఇక్కడి నుంచి మెషీన్ మారింది” అని రాయండి.

ఏసీటీ మీద నాకు నమ్మకం తక్కువే. అది హెపారిన్‌ను ఒక్కదాన్నే కొలవదు. ప్లేట్‌లెట్లు తగ్గినా, ఫైబ్రినోజెన్ (గడ్డకు పోగులయ్యే ప్రోటీన్) తగ్గినా, రక్తం పలచబడినా, బిడ్డ ఒళ్లు చల్లబడినా సెకన్లు పెరుగుతాయి. అందుకే దాని పక్కన ల్యాబ్ రిపోర్టులు కావాలి.

ల్యాబ్ రిపోర్టులు, అవి కొట్లాడుకున్నప్పుడు

ఆరు నుంచి పన్నెండు గంటలకోసారి ఏపీటీటీ, యాంటీ టెన్-ఏ (హెపారిన్ ఎంత పని చేస్తోందో కొలిచే పరీక్ష), ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు, హీమోగ్లోబిన్ వెళ్తాయి. డీ-డైమర్ (గడ్డ కరిగినప్పుడు పెరిగేది), యాంటీథ్రాంబిన్, ప్లాస్మా ఫ్రీ హీమోగ్లోబిన్ (కణాలు చిట్లి ప్లాస్మాలోకి వచ్చినది) రోజుకోసారి. టెగ్ (గడ్డ కట్టే తీరును గీతగా చూపే పరీక్ష) ఉన్న చోట అదీ చేస్తారు. యాంటీ టెన్-ఏ టార్గెట్ సాధారణంగా ఎంఎల్‌కు 0.3 నుంచి 0.7 యూనిట్లు. ఏపీటీటీ మొదట్లో ఉన్నదానికి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు. పసిపిల్లల్లో ఏపీటీటీ మందు లేకుండానే పొడవుగా ఉంటుంది, పెద్దల నార్మల్‌తో పోల్చొద్దు.

హెపారిన్ తనంతట తాను పని చేయదని గుర్తుంటే సగం రిపోర్టులు అర్థమవుతాయి. రక్తంలో ఉండే యాంటీథ్రాంబిన్‌ను పట్టుకుని దాని బలం పెంచుతుంది, అంతే. పుట్టిన బిడ్డలో యాంటీథ్రాంబిన్ పెద్దల కంటే చాలా తక్కువ, కొన్ని నెలలకు గానీ పెద్దల స్థాయికి రాదు. నవజాత శిశువులకు కిలో లెక్కన హెపారిన్ ఎక్కువ పట్టడానికి ఇదొక కారణం.

ఇక రిపోర్టులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఎలా చదవాలి?

ఏసీటీ 240, యాంటీ టెన్-ఏ 0.15 వచ్చిందనుకోండి. ఏసీటీని నమ్మి హెపారిన్ తగ్గిస్తే పొద్దుటికి సర్క్యూట్ గడ్డకడుతుంది. ఇక్కడ హెపారిన్ ఎక్కువ కాలేదు, ప్లేట్‌లెట్లో ఫైబ్రినోజెనో పడిపోయి ఉంటాయి. వాటి రిపోర్ట్ తెప్పించి, ఆ రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఏసీటీ 165, యాంటీ టెన్-ఏ 0.5. హెపారిన్ చాలినంత ఉంది. ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్న బిడ్డలో గడ్డకట్టించే ఫ్యాక్టర్లు పెరిగి ఏసీటీ చిన్నదవుతుంది. రేట్ పెంచే ముందు సర్క్యూట్‌ను టార్చ్ వేసి చూడండి. శుభ్రంగా ఉంటే తొందర అక్కర్లేదు.

రేట్ పెంచుతూ పోతున్నా ఏసీటీ, యాంటీ టెన్-ఏ రెండూ కదలకపోతే యాంటీథ్రాంబిన్ అడగండి. తక్కువ ఉంటే కాన్సంట్రేట్ గానీ ఎఫ్‌ఎఫ్‌పీ (ఫ్రీజ్ చేసి ఉంచిన ప్లాస్మా) గానీ ఇస్తారు. ఇచ్చాక అదే హెపారిన్ ఒక్కసారిగా గట్టిగా పని చేయడం మొదలుపెడుతుంది, కాబట్టి ఆ తర్వాతి గంటల్లో ఏసీటీ దగ్గర దగ్గరగా చూడాలి. ఈ సంగతి ఆర్డర్‌లో రాయరు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

నాలుగోది, ల్యాబ్‌కు కూడా తట్టనిది. యాంటీ టెన్-ఏ రంగును బట్టి కొలిచే పరీక్ష. బిడ్డకు కామెర్లు ముదిరినా, రక్తకణాలు చిట్లి ప్లాస్మా ఎర్రబడినా రిపోర్ట్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. టెక్నీషియన్‌ను “తిప్పాక పైన నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?” అని అడగండి. పసుపు ముదిరిందనో ఎర్రగా ఉందనో అంటే ఆ 0.2ని చూసి హెపారిన్ పెంచొద్దు.

ఏసీటీ 190 దగ్గర నిలకడగా ఉండి, ఏపీటీటీ ఒక్కటే 200 పైన వస్తే శాంపిల్‌లో హెపారిన్ కలిసిందనే అనుకోండి. మళ్లీ తీయండి.

ప్లేట్‌లెట్లు మామూలుగా 50 వేలు, లక్ష మధ్య ఏదో ఒక గీత పెట్టుకుని దాని పైన ఉంచుతారు. నవజాత శిశువుకు, బ్లీడింగ్ అవుతున్న బిడ్డకు లక్ష. ఫైబ్రినోజెన్ డెసిలీటర్‌కు కనీసం 100, రక్తం కారుతుంటే 150 మిల్లీగ్రాముల పైన. అయిదో రోజు తర్వాత ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే హెపారిన్ వల్లే పడుతున్నాయేమోనని డాక్టర్లు ఆలోచిస్తారు. పిల్లల్లో అది అరుదు, ఎక్కువసార్లు సర్క్యూటే వాటిని తినేస్తుంది. నిజంగా హెపారిన్ వల్లే అయితే బైవాలిరుడిన్ అనే వేరే మందుకు మారుస్తారు. దానికి యాంటీథ్రాంబిన్ అవసరం లేదు, సుమారు 25 నిమిషాల్లో సగం దిగిపోతుంది, విరుగుడు మందు లేదు. రక్తం నిలిచి ఉన్న చోట అది విరిగిపోయి గడ్డ కడుతుంది కాబట్టి వాడని పోర్టులను మరీ జాగ్రత్తగా చూడాలి.

టార్చ్ పట్టుకుని

నన్ను అడిగితే ఈ పనిలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే నమ్మదగిన పరికరం టార్చ్. తెల్లటి వెలుగు ఉన్నది, మీ సొంతానిది, జేబులో పెట్టుకోండి. డ్యూటీ ఎక్కగానే ఒకసారి, తర్వాత ప్రతి గంటా క్యాన్యులా నుంచి క్యాన్యులా దాకా వేలుతో దారి పట్టుకుంటూ చూడండి. వెలుగు ఎదురుగా కాదు, పక్క నుంచి వేయాలి. ఎదురుగా వేస్తే ప్లాస్టిక్ మెరుపు తప్ప ఏమీ కనిపించదు.

గడ్డలు ఎక్కడ పడితే అక్కడ రావు. ట్యూబ్ సైజ్ మారే కనెక్టర్ అంచు దగ్గర, త్రీవేల (మూడు దారుల కనెక్టర్ల) మూలల్లో, బ్రిడ్జ్ (రెండు వైపుల ట్యూబ్‌లను కలిపే అడ్డ ట్యూబ్) ఉంటే అందులో, ఆక్సిజనేటర్ మూలల్లో వస్తాయి. అంటే రక్తం నెమ్మదించే, సుడి తిరిగే చోట్లు. నల్లగా, అంచు గట్టిగా కనిపించేది గడ్డ. కనెక్టర్‌కు అతుక్కుని ఉడికిన సేమ్యా పోగులా తెల్లగా ఊగేది ఫైబ్రిన్. చూసినదాన్ని మనసులో పెట్టుకోవడం కాదు, చార్ట్ వెనక సర్క్యూట్ బొమ్మ గీసి, ఎక్కడ, ఎంత, ఏ టైమ్‌కు అని గుర్తు పెట్టండి. తర్వాతి సిస్టర్‌కు “చిన్న క్లాట్ ఉంది” అన్న మాట ఎందుకూ పనికిరాదు. “ఆక్సిజనేటర్ ఎడమ పై మూల, మినపగింజంత, రాత్రి 9 నుంచి పెరగలేదు” అంటే పనికొస్తుంది.

ఆక్సిజనేటర్‌కు ముందు ఉన్న గడ్డ చాలావరకు ఆక్సిజనేటర్‌లో ఆగుతుంది. తర్వాత ఉన్నది నేరుగా బిడ్డలోకి పోతుంది. వీఏ ఎక్మోలో అది మెదడుకూ చేరవచ్చు. అందుకే తర్వాతి వైపు తెల్ల పోగు ఒక్కటి ఊగినా డాక్టర్‌కు, పర్‌ఫ్యూజనిస్ట్‌కు (సర్క్యూట్‌ను నడిపే నిపుణుడికి) వెంటనే చెప్పాలి. ముందు వైపు కదలకుండా, పెరగకుండా ఉన్న చిన్న గడ్డకు గాభరాపడి హెపారిన్ పెంచాల్సిన పని లేదు. వేలితో తట్టి చూడటం, ట్యూబ్ నలిపి కదిలించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

కంటికి కనిపించని గడ్డ నంబర్లలో కనిపిస్తుంది. ఫ్లో, ఆర్‌పీఎం (పంప్ తిరిగే వేగం) మారకుండానే ఆక్సిజనేటర్ ముందు వెనక ప్రెషర్ల తేడా పెరుగుతూ పోతుంటే లోపల మూసుకుపోతున్నట్టు. ఆక్సిజనేటర్ దాటాక తీసిన గ్యాస్‌లో, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తున్నా, పీవో2 (రక్తంలో ఆక్సిజన్ ప్రెషర్) పడుతూ 200కు దగ్గరవుతుంటే అదీ గుర్తే. పంప్ హెడ్ మోత మారినా, గరగర వినిపించినా అక్కడ గడ్డ ఉందేమో చూడాలి. అప్పుడు రక్తకణాలు చిట్లుతాయి, మూత్రం కోలా రంగుకు తిరుగుతుంది, ప్లాస్మా ఫ్రీ హీమోగ్లోబిన్ డెసిలీటర్‌కు 50 మిల్లీగ్రాములు దాటుతుంది. డీ-డైమర్ రోజురోజుకూ ఎగబాకుతుంటే సర్క్యూట్ మార్చే మాట రౌండ్స్‌లో ఎత్తండి. సర్క్యూట్ మార్పు పగలు, మనుషులు ఉన్నప్పుడు జరగాలి, తెల్లవారుజామున నాలుగుకు కాదు.

బిడ్డను చూడటం

గంటగంటకూ కనుపాపలు. పసిపిల్లలకు మాడు ఉబ్బిందేమో వేలితో తడమాలి. మత్తులో, కండరాలు సడలే మందు మీద ఉన్న బిడ్డకు ఫిట్స్ వస్తే కాళ్లు చేతులు కొట్టుకోవు. హార్ట్ రేట్, బీపీ కారణం లేకుండా ఒక్కసారిగా ఎగిరితే, కనుపాపలు మారితే అనుమానించండి. మాడు పూడని పిల్లలకు మొదటి రోజుల్లో రోజూ తల అల్ట్రాసౌండ్ చేస్తారు. అది రౌండ్స్‌కు ముందే అయ్యేలా చూసుకోండి, ఆ రిపోర్ట్‌ను బట్టి ఆ రోజు ఏసీటీ టార్గెటే మారిపోవచ్చు.

క్యాన్యులా చోటు, డ్రెయిన్, నోరు, ముక్కు, రైల్స్ ట్యూబ్‌లో (కడుపులోకి వేసిన ట్యూబ్) వచ్చేది, మూత్రం, మలం, పొట్ట చుట్టుకొలత అన్నీ చూడాలి. తొడ దగ్గర క్యాన్యులా ఉంటే ఆ కాలు వేళ్ల రంగు, వేడి, నాడి రెండో కాలితో పోల్చండి. మన పిల్లలకు మొలతాడు ఉంటుంది. అది సరిగ్గా తొడ క్యాన్యులా డ్రెస్సింగ్ మీదికి జారి కూర్చుంటుంది, కింద ఊరుతున్న రక్తాన్ని దాచేస్తుంది, వాపు వస్తే కోసుకుపోతుంది. అమ్మానాన్నలను అడిగి తీయించండి. వాళ్లకు మనసొప్పకపోతే తాయెత్తుతో సహా కవర్‌లో వేసి, బిడ్డ పేరు రాసి, మంచం తలాపున కట్టండి. ఎవరూ కాదనరు.

కండకు ఇంజెక్షన్లు వద్దు, మడమ పొడవొద్దు, మలద్వారంలో థర్మామీటర్ వద్దు, ముక్కులో కొత్త ట్యూబ్‌లు వద్దు. సక్షన్ లోతుకు పోకుండా, ట్యూబ్ పొడవు కొలుచుకుని చేయండి.

రేట్ మార్చే ముందు

ఏం మారిందో ముందు అడగండి. ప్లేట్‌లెట్లు ఎక్కించాక హెపారిన్ అవసరం పెరుగుతుంది. లాసిక్స్ ఇచ్చి మూత్రం బాగా వచ్చినప్పుడూ ఏసీటీ దిగుతుంది. డయాలిసిస్ మొదలైనా, బిడ్డ వేడి మారినా ప్రభావం ఉంటుంది. ఫ్లో తగ్గించి బిడ్డను మెషీన్ నుంచి మాన్పించే రోజుల్లో రక్తం నెమ్మదిస్తుంది కాబట్టి టార్గెట్‌లో పై అంచున ఉంచుతారు.

మార్పు చిన్నగా ఉండాలి, ఒక్కోసారికి ఐదు నుంచి పది శాతం. పైన చెప్పిన బిడ్డకు పది శాతం పెంచడమంటే 0.6 నుంచి 0.66కు. హెపారిన్ సగం దిగడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. రేట్ మార్చిన పావుగంటకే ఏసీటీ చూసి మళ్లీ మార్చితే ఊగిసలాట తప్ప ఏమీ రాదు. మార్చిన ప్రతిసారీ రేట్ పక్కన కారణం ఒక ముక్క రాయండి: “ప్లేట్‌లెట్ల తర్వాత”, “కొత్త సిరంజ్”, “డ్రెయిన్ పెరిగింది”. రేట్ల వరస కంటే ఆ ముక్కలే పొద్దున డాక్టర్‌కు ఎక్కువ చెబుతాయి.

రక్తం కారితే

గాజ్‌ను తూకం వేయండి. ఒక గ్రాముకు ఒక ఎంఎల్. “కొంచెం ఊరుతోంది” అని రాయడం మానేయండి. క్యాన్యులా చుట్టూ ఊరుతుంటే ముందు క్యాన్యులా కదిలిందా, కుట్టు వదులైందా చూడాలి, చాలాసార్లు సంగతి అక్కడే తేలుతుంది. డాక్టర్ ప్లేట్‌లెట్లు, క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే బ్లడ్ ప్రొడక్ట్) ఇప్పించి, ఏసీటీ టార్గెట్‌ను 160–180కి దించవచ్చు, కొన్ని గంటలు హెపారిన్ ఆపేయనూ వచ్చు. హెపారిన్ ఆగి ఉన్నంతసేపు ఫ్లో తగ్గనివ్వొద్దు, టార్చ్ అరగంటకోసారి వేయాలి, క్లాంపులు మంచానికే వేలాడుతుండాలి.

ప్లేట్‌లెట్లను ఆక్సిజనేటర్‌కు ముందు పోర్ట్‌లో ఎక్కించకుండా బిడ్డ లైన్ నుంచే ఇవ్వడం మేలు. పిల్లలకు మామూలు డోసు కిలోకు 10 ఎంఎల్.

బ్లడ్ బ్యాంక్ పని మధ్యాహ్నమే తెమల్చుకోండి. ప్లేట్‌లెట్ల ఆయుష్షు అయిదు రోజులే, ఊపే మెషీన్‌లో 20 నుంచి 24 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. క్రయో, ఎఫ్‌ఎఫ్‌పీ కరిగించడానికే అరగంట దాకా పడుతుంది, ఆపైన దారి. మేడారం జాతర రోజుల్లో హన్మకొండ నుంచి ములుగు రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు, ఆ వారం డోనర్లు దొరకడమూ కష్టమే. బంధువులకు ఏ గ్రూపు వాళ్లు కావాలో ముందు రోజే కాగితం మీద రాసివ్వండి.

హైదరాబాద్‌కు పంపేటప్పుడు

వరంగల్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు, ట్రాఫిక్‌ను బట్టి మూడు గంటలు. బయలుదేరే అరగంట ముందు ఏసీటీ చూసి, దాన్ని టీమ్ కాగితం మీద రాయండి. హెపారిన్ సిరంజ్ దారిలో అయిపోయేలా ఉంటే ముందే మార్చి, పర్జ్ చేసి, మళ్లీ ఒక ఏసీటీ చూశాకే కదలనివ్వండి. జనగామ దాటాక సిరంజ్ మార్చడం ఎవరికీ మంచిది కాదు. ఏసీటీ మెషీన్ ఛార్జింగ్, కార్ట్రిడ్జ్‌లు, టార్చ్, క్లాంపులు, పంప్‌ను చేత్తో తిప్పే హ్యాండ్ క్రాంక్ ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని లెక్కపెట్టండి. బిడ్డను స్ట్రెచర్ మీదికి మార్చాక ఒకసారి, అంబులెన్స్‌లో పెట్టాక ఒకసారి సర్క్యూట్ మొత్తం టార్చ్ వేయండి. కదలికలోనే గడ్డ చోటు మారుతుంది, ట్యూబ్ మడత పడుతుంది.

మెషీన్ తీసేశాక

హెపారిన్ ఆగిపోయింది కదా అని పని అయిపోలేదు. క్యాన్యులా తీసిన చోట మొదటి గంటల్లో పావుగంటకోసారి డ్రెస్సింగ్ చూడండి. ప్లేట్‌లెట్లు ఒకటి రెండు రోజులు ఇంకా తక్కువగానే ఉండొచ్చు. క్యాన్యులా ఉన్న సిరలో గడ్డ మిగలడం మామూలే, అందుకే మెడకో తొడకో డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) చేయించమని అడగండి. ఆ వైపు కాలు గానీ, మెడ క్యాన్యులా అయితే ముఖం, చెయ్యి గానీ వాచితే అదే రోజు చెప్పాలి. గడ్డ ఉంటే చర్మం కింద ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్లు కొన్ని వారాలు ఇంటి దగ్గర కూడా నడుస్తాయి. డిశ్చార్జ్ ముందు తల్లికి సూది ఎలా వేయాలో మీ ముందే రెండుసార్లు వేయించండి, ఊళ్లో దగ్గరి పీహెచ్‌సీ ఏదో అడిగి, డోసు, చివరి తేదీ తెలుగులో రాసిచ్చి పంపండి.